తగ్గుతూ పోయిన అంకె

మూడూ ఇరవైకి ఇన్‌స్పెక్టర్ తలుపు మీది సీలు తీశాడు.

"చూసుకోండి మేడమ్, కళ్లనిండా చూసుకోండి. ఐదింటికి మీ మనిషిని మేజిస్ట్రేట్ ముందు నిలబెడుతున్నాను. ఆ తర్వాత మీరు చూసినా ఒకటే, చూడకపోయినా ఒకటే."

స్టెనో లోపలికి అడుగుపెట్టింది. ఆవిడ కోర్టులో ఇరవై రెండేళ్లు స్టెనోగా పనిచేసింది. జడ్జీలు కునికిపాట్లు పడుతున్నా తను మాత్రం మేలుకుని, సాక్షులు చెప్పిన అబద్ధాలన్నీ పొల్లుపోకుండా రాసి రాసి, విసుగెత్తి ఉద్యోగం మానేసి డిటెక్టివ్ ఏజెన్సీ పెట్టుకుంది. ఏజెన్సీ అంటే ఒక టేబులూ రెండు కుర్చీలూ. జనం మాత్రం ఇప్పటికీ ఆవిణ్ణి స్టెనో అనే పిలుస్తారు. ఈ కేసు ఒప్పుకున్న దగ్గర్నుంచీ ఆవిడ మనసు బాగాలేదు. గెలిచే కేసు ఎలా ఉంటుందో ఆవిడకు తెలుసు. ఇది అలా లేదు.

సంగతి ఇదీ. మొన్న మధ్యాహ్నం రెండింటికి, ఈ మేడమీది గదిలో, లెక్కల మాస్టారు ఇనప బీరువా పక్కన తల పగిలి పడి ఉండగా కూతురు చూసింది. అప్పటికే ప్రాణం లేదు. రిటైరయ్యాక ఆయనకున్న వ్యసనం ఒక్కటే, చదరంగం సమస్యలు కట్టడం. పన్నెండూ పదికి పైన ధబ్బున చప్పుడైందని కింద దుకాణం టైలర్ చెప్పాడు. రేడియోలో వార్తలు అప్పుడే అయిపోయాయట, కాబట్టి టైములో తేడా లేదు. అంతకు ముందురోజు మాస్టారూ ఆయన తమ్ముడూ గొంతులు చించుకోవడం వీధి వీధంతా విన్నది. ఇంకేం, నిన్న సాయంత్రానికల్లా ఇన్‌స్పెక్టర్ తమ్ముణ్ణి లాకప్‌లో వేశాడు. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లనే రకం ఆయన.

తమ్ముడు కళ్లజోళ్ల షాపులో అద్దాలు సానబట్టే మనిషి. మొన్న పదీ నలభైకే అన్నయ్య ఇంట్లోంచి వెళ్లిపోయాననీ, తర్వాత షాపు వెనకగదిలో ఒక్కణ్ణే పనిచేసుకున్నాననీ చెప్పాడు. చూసినవాళ్లు లేరు. ఆయన భార్య నిన్న రాత్రే స్టెనో ఇంటికొచ్చి, "అక్కా, రేపు చీకటి పడేలోపల ఆయన ఇంట్లో ఉండాలి. ఇంకేమీ అడగను" అంది. పొద్దున్నుంచీ స్టేషన్ బెంచీ మీద కూర్చునే ఉంది. మంచినీళ్లు కూడా ముట్టలేదని కానిస్టేబుల్ చెప్పాడు.

గదిలో ఒక టేబులు, దాని మీద కంప్యూటర్. అక్షరాలు అరిగిపోయిన కీబోర్డు. బీరువా మూలకి ఎండిన నెత్తురు. మాస్టారి కుర్చీ వెనక్కి పడి ఉంది. దాని పక్కన ఒక స్టూలు మాత్రం బుద్ధిగా స్క్రీనుకు ఎదురుగా ఉంది.

"ఆ స్టూలెవరిదమ్మా?" అంది స్టెనో.

గుమ్మంలో నిలబడ్డ మాస్టారి కూతురు, "బాబాయిది" అంది. రక్తపరీక్షల ల్యాబులో పనిచేసే పిల్ల. రెండురోజుల్లో కళ్లు లోతుకు పోయాయి. "నాన్న కుర్చీలో, బాబాయ్ స్టూలు మీద. ఎనిమిదేళ్లుగా అంతే."

"వేలిముద్రలు కూడా వాడివే, టేబులు నిండా" అన్నాడు ఇన్‌స్పెక్టర్.

"రోజూ వచ్చే మనిషి వేలిముద్రలు ఉండకపోతే ఆశ్చర్యపడాలి గానీ, ఉంటే ఎందుకు సార్? నా ఇంట్లో పాలవాడి ముద్రలు కూడా ఉంటాయి. పట్టుకెళ్లి లోపలేస్తారా?"

"పాలవాడు మీ తల పగలగొడితే తప్పకుండా వేస్తాను."

మూడూ ముప్పైకి కూతురు కంప్యూటర్ ఆన్ చేసింది. స్టెనో కుర్చీ లేపి కూర్చుంది. "ఇది ఏం చేస్తుందో నాకు మొదట్నుంచీ చెప్పు. చదరంగంలో గుర్రం వంకరగా నడుస్తుందన్నది తప్ప నాకేమీ తెలీదు."

"నాన్న పావులతో ఒక అమరిక కడతారు. తెల్లవాళ్లు నల్లరాజుకు ఆట కట్టాలి. నల్లవాళ్లు ఏం ఆడినా, ఎటుపోయినా తప్పించుకోకూడదు. అలాంటి దారి ఉందేమోనని ఈ ప్రోగ్రామ్ వెతుకుతుంది. దొరికితే, ఇన్ని ఎత్తుల్లో ఆటకట్టు అని అంకె చూపిస్తుంది."

"దొరికాక ఆగిపోతుందా?"

"ఆగదండీ. ఇంకా దగ్గరదారి ఉందేమోనని వెతుకుతూనే ఉంటుంది. దొరికినప్పుడల్లా అంకె తగ్గుతుంది. ఒక్కోసారి గంటలు గంటలు పడుతుంది. పొయ్యిమీద పాలు పెట్టి కాపలా కూర్చున్నట్టు కూర్చునేవాళ్లు ఇద్దరూ. నాన్నకి మొదట్లోనే సరదా తీరిపోయేది. బాబాయ్‌కి తీరేది కాదు. ఇంకా తగ్గుతుంది అన్నయ్యా, ఇంకా తగ్గుతుంది, అనేవాడు." ఆ పిల్ల స్టూలు వంక చూసింది. "అరుచుకున్నదీ దాని గురించేనండీ. బాబాయ్ చీమకు కూడా హాని చెయ్యడు."

"ఏ అంకె ఎన్నింటికి వచ్చిందో తెలుస్తుందా?"

"ఒక ఫైల్లో టైముతో సహా రాసుకుంటుంది. ఆ ఏర్పాటు నేనే చేసిపెట్టాను."

ఫైలు తెరుచుకుంది. స్టెనో చదువుతూ నోటుబుక్కులో ఎక్కించుకుంది. మొన్న పొద్దున తొమ్మిదీ ఇరవైకి మొదలు. పదీ ఐదుకి, ఎనభై మూడు ఎత్తుల్లో ఆటకట్టు. పదీ ముప్పై ఒకటికి డెబ్బై ఒకటి. పదకొండూ నలభై ఎనిమిదికి యాభై ఎనిమిది. పన్నెండూ యాభై రెండుకి నలభై తొమ్మిది. ఒంటిగంటా ఆరు దాకా వెతికినట్టుంది, ఆ తర్వాత ఇంకేమీ లేదు.

"ఒంటిగంటా ఆరుకి ఏమైంది?"

"వీధి మొత్తం కరెంటు పోయింది. బ్యాటరీ పాడై ఏడాదైంది. నేనొచ్చేసరికి స్క్రీను నల్లగా ఉంది."

"తర్వాత దీన్ని ఎవరైనా ఆన్ చేశారా?"

"ఎవరు చేస్తారు?" ఇన్‌స్పెక్టర్‌కి కోపం వచ్చింది. "రెండూ పావుకల్లా నేను వచ్చాను. నా ఎదురుగానే గదికి సీలు పడింది."

"ఈ అమరిక ఇంకెవరి దగ్గరైనా ఉందా? ఇంకో కంప్యూటర్లో ఎవరైనా పెట్టి చూసి ఉంటే?"

"ఆ పొద్దున్నే కట్టారండీ" అంది కూతురు. "బాబాయ్‌కి కంప్యూటర్ లేదు. ఉన్న దిగులంతా అదే. ఫోన్‌లో పెడితే నెలకైనా తేలదు."

స్టెనో నోటుబుక్కులో ఆ అంకెల కింద గీత గీసింది.

"ఇన్‌స్పెక్టర్‌గారూ, మీకు సాక్షులు లేరని కదా బాధ? ఇదిగో సాక్షి. ఒక్కో అంకె ఈ గదిలో కొంతసేపే బతికింది. ఎవరికి ఏ అంకె తెలుసో చెప్పండి, వాళ్లు ఎన్నింటికి ఈ గదిలో ఉన్నారో నేను చెబుతాను. పైగా సీలు మీదే. కాదనడానికి లేదు."

"కంప్యూటర్ చెబితే మేజిస్ట్రేట్ వింటాడా?"

"టైలర్ రేడియో చెబితే విన్నవాళ్లు ఇది వినరా?"

వాదన తెగకముందే మెట్లమీద చెప్పుల చప్పుడైంది. వచ్చింది పత్రికలో చదరంగం శీర్షిక రాసే పెద్దమనిషి. మొన్న ఇక్కడికి వచ్చి వెళ్లినవాళ్లలో ఈయనొకడు. పదీ పావుకి వచ్చి పదకొండూ ఐదుకి వెళ్లానని నిన్ననే సంతకం పెట్టాడు. చేతిలో ఒక కాగితం ఉంది.

"అమ్మాయ్, నీ సంతకం కావాలమ్మా" అన్నాడు. "నాన్నగారి ఆఖరి సమస్యని వచ్చే ఆదివారం వేద్దామని. పోయినవాళ్లకు మనం చేయగలిగింది అంతేగా? యాభై ఎనిమిది ఎత్తుల ఆటకట్టు! నా శీర్షిక పుట్టాక ఇంత పొడుగుది వెయ్యలేదు."

స్టెనో పెన్సిల్ ఆగింది. "ఎన్ని ఎత్తులన్నారు?"

"యాభై ఎనిమిది."

"ఎవరైనా చెప్పారా?"

"చెప్పుడు మాటలు అచ్చువేసే మనిషిని కాదమ్మా నేను. ఈ స్క్రీను మీద, ఈ కళ్లతో చూశాను."

"మీరు పదకొండూ ఐదుకి వెళ్లారు. యాభై ఎనిమిది పదకొండూ నలభై ఎనిమిదికి వచ్చింది. బిడ్డ పుట్టకముందే కుల్ల కుట్టారన్నమాట."

పెద్దమనిషి నవ్వబోయాడు. అప్పుడు ఇన్‌స్పెక్టర్ ముఖం చూశాడు. నవ్వు సగంలో ఆగిపోయింది.

"కూర్చోండి" అన్నాడు ఇన్‌స్పెక్టర్.

ఆయన స్టూలు మీద కూర్చున్నాడు. కాగితాన్ని నాలుగు మడతలు పెట్టాడు. "మళ్లీ వచ్చాను. పదకొండూ ముప్పావుకి. కళ్లజోడు మర్చిపోయాను. నా ఎదురుగానే అంకె మారింది. మాస్టారు చిన్నపిల్లాడిలా చప్పట్లు కొట్టారు."

"నిన్న ఎందుకు చెప్పలేదు?"

"చచ్చిపోయిన మనిషిని చివరిగా చూసింది నేనే అని ఎవరు చెప్పుకుంటారు సార్? నాకు పెళ్లి కావలసిన మనవరాలుంది. కానీ ఒట్టు, పన్నెండు కాకముందే వెళ్లిపోయాను. అప్పటికి ఆయన నిక్షేపంగా ఉన్నారు. యాభై ఎనిమిది చాలు, భోజనం వేళకి ఆపేస్తాను, మీరు అచ్చు వేసుకోండి అన్నారు."

"తమ్ముడు ఉన్నాడా?" అంది స్టెనో.

"లేడు."

"మీరు మెట్లు దిగడం ఎవరైనా చూశారా?"

"ఎవరూ చూడలేదమ్మా."

ఇన్‌స్పెక్టర్ కానిస్టేబుల్‌ని పిలిచి ఆయన్ను కింద కూర్చోబెట్టమన్నాడు. తర్వాత కిటికీ దగ్గరికి వెళ్లి వీధిలోకి చూశాడు. వెనక్కి తిరిగినప్పుడు మునుపటి జోరు లేదు.

"సరే మేడమ్. మీ గడియారం పనిచేస్తోంది. ఒప్పుకున్నాను. ఇదే గడియారాన్ని మీవాడికి కూడా పెడదాం. పదీ నలభైకి వెళ్లిపోయానన్నాడు. అప్పుడు స్క్రీను మీద ఎంతుంది?"

"డెబ్బై ఒకటి."

"ఆ మాట వాడి నోటివెంట వస్తే సంతకం తీసుకుని ఇప్పుడే ఇంటికి పంపేస్తాను. మేజిస్ట్రేటూ వద్దు, ఏమీ వద్దు. కానీ మీరు ముందుగా చెప్పకూడదు. సైగ కూడా చేయకూడదు."

"నాకు సైగలు రావు. రాయడమే వచ్చు."

జీపులో కూర్చున్నాక ఆవిడకు భయం వేసింది. ఇరవై రెండేళ్లలో ఇంత సులువుగా ఏ తలుపూ తెరుచుకోవడం ఆవిడ చూడలేదు. అయినా ఆశ పాడుది. వద్దన్నా వచ్చి పక్కన కూర్చుంటుంది. ఎనిమిదేళ్లుగా ఆ అన్నదమ్ములిద్దరూ ఒకే స్క్రీను ముందు కూర్చున్నారు. ఒకే ఒక్క మాట, డెబ్బై ఒకటి అంటే చాలు, ఆ మనిషి ఇంటికి పోతాడు.

నాలుగూ ఇరవై ఐదుకి స్టేషన్ చేరారు. బెంచీ మీద ఆ భార్య వీళ్లను చూసి లేచింది. స్టెనో ముఖంలో ఏం కనిపించిందో ఏమో, "ఏదో మంచి జరిగింది కదా అక్కా?" అంది.

"ఒక్క ప్రశ్న అడగాలమ్మా. అంతే."

ఆ మాట ఎందుకన్నానా అని లోపలికి నడుస్తూనే స్టెనో తిట్టుకుంది.

తమ్ముడు లాకప్‌లో కింద కూర్చుని ఉన్నాడు. గోళ్ల సందుల్లో అద్దాల పొడి ఇంకా తెల్లగా ఉంది. నేలమీది గచ్చు పలకల మీద వేలితో ఏవో ఎత్తులు వేసుకుంటున్నాడు. స్టెనోని చూడగానే, "కంప్యూటర్ ఆన్ చేశారా అండీ? ఫైలు పోలేదు కదా?" అన్నాడు.

ఐదింటి సంగతి అడగలేదు. భార్య తిన్నదా అని అడగలేదు. స్టెనోకి మనసు చివుక్కుమంది.

"పోలేదు. ఉంది. మిమ్మల్ని ఒకటి అడుగుతాను. మొన్న మీరు ఆఖరిసారి స్క్రీను చూసినప్పుడు అంకె ఎంతుంది?"

ఇన్‌స్పెక్టర్ ఊచల పక్కన గోడకానుకుని నిలబడ్డాడు.

తమ్ముడు తలెత్తాడు. రెండురోజుల తర్వాత మొదటిసారి ఆ ముఖంలో వెలుగొచ్చింది.

"నలభై తొమ్మిది."

స్టెనో ఏమీ రాయలేదు. విన్నది తప్పేమో అనుకుంది. తప్పు కాదని ఆవిడకే తెలుసు.

"నేను చెబుతూనే ఉన్నానండీ, యాభైకి దిగువకి వస్తుందని! యాభై ఎనిమిదికే చాలు చాలు అన్నాడు అన్నయ్య. ఆ శీర్షికాయన దాన్నే అచ్చు వేసేస్తాడేమో. వెయ్యనివ్వకండి. యాభై ఎనిమిది తప్పు. నలభై తొమ్మిది."

"ఆగండి" అంది స్టెనో. "తొందరపడకండి. మీరు చూశారా, లేక ఎవరైనా చెప్పారా? మీ అన్నయ్య షాపుకి ఫోన్ చేసి చెప్పారేమో? బాగా గుర్తుచేసుకోండి. ఫోన్ చేసి చెప్పారేమో."

ఇది సైగ కిందికే వస్తుంది. ఆవిడకు తెలుసు. ఇన్‌స్పెక్టర్‌కీ తెలుసు. అయినా ఆయన అడ్డురాలేదు.

"అన్నయ్య ఎలా చెప్తాడండీ?" అన్నాడు తమ్ముడు. "అన్నయ్య చూడలేదుగా."

అన్నాక, ఆ మాట తన చెవిన పడ్డాక, అతని వేలు గచ్చు పలక మీద ఆగిపోయింది. ఎదురుగా ఉన్న ఇద్దర్నీ మార్చి మార్చి చూశాడు.

"ఆ అంకె పన్నెండూ యాభై రెండుకి వచ్చింది" అన్నాడు ఇన్‌స్పెక్టర్ మెల్లగా. గెలిచినవాడి గొంతు కాదది. "మీ అన్నయ్య పడింది పన్నెండూ పదికి."

పక్కగదిలో ఫోన్ మోగి ఆగిపోయింది.

"షాపులో చెయ్యి ఆడలేదు" అన్నాడు తమ్ముడు. "ఎంతకి దిగిందో చూసి పోదామని పన్నెండు దాటాక వచ్చాను. అప్పటికే అన్నయ్య ఆపేస్తానని స్విచ్ మీద చెయ్యి వేసి ఉన్నాడు. దాదాపు మూడు గంటల పని, ఆపేస్తే మళ్లీ మొదట్నుంచీ రావాలి. చెయ్యి పట్టుకుని లాగాను. అంతేనండీ. కొట్టలేదు. కుర్చీతో సహా వెనక్కి పోయాడు. ఆ బీరువా మూల..."

"వెంటనే పోయారా?" అంది స్టెనో. అడగకుండా ఉండాల్సింది.

"లేదు. మూలిగాడు. డాక్టర్ కోసం లేచానండీ, గుమ్మందాకా వెళ్లాను కూడా. వెనక్కి తిరిగి చూస్తే స్క్రీను మీద కొత్త దారి వెతుకుతోంది, ఇక తగ్గబోతోందని తెలిసిపోతుంది, మాకు అలవాటు. ఒక్క నిమిషం అన్నయ్యా, ఇదిగో అయిపోయింది అన్నాను. మళ్లీ మూలిగాడు. మళ్లీ అదే అన్నాను. మూడుసార్లు అన్నాననుకుంటా." చేతులు ఒళ్లో పెట్టుకుని వాటి వంకే చూశాడు. "నలభై తొమ్మిది రాగానే, అన్నయ్యా చూడు, నేను చెప్పలేదూ, అని తిరిగాను."

ఇన్‌స్పెక్టర్ టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు. నలభై రెండు నిమిషాలు. వీధి చివరే డాక్టరున్నాడు. ఆ లెక్క స్టెనో వేయకూడదనుకుంది, కానీ పడిపోయింది. ఇన్నాళ్లు ఇంతమంది హంతకుల మాటలు విన్నది గానీ, ఏడుపు ఆపుకోవడానికి ఊచలు పట్టుకోవలసి రావడం ఇదే మొదలు.

"ఆవిడకి మీరు చెబుతారా, నన్ను చెప్పమంటారా?" అన్నాడు ఇన్‌స్పెక్టర్.

"నన్ను పెట్టుకుంది. నేనే చెప్పాలి."

నాలుగూ నలభైకి స్టెనో బయటికి వచ్చింది. ఆ భార్య కూర్చోనే లేదు, వదిలిన చోటే నిలబడి ఉంది. జుట్టు సర్దుకుంది, కొంగు సర్దుకుంది. ఇంటికి బయల్దేరే మనిషిలా ఉంది.

"అడిగారా అక్కా?"

"అడిగాను."

"సరిగ్గానే చెప్పారా? చదరంగం సంగతయితే నాకు బెంగ లేదు. అంకెల్లో ఆయనకి ఎప్పుడూ తప్పు పోదు."

"అవునమ్మా" అంది స్టెనో. ఆమె చెయ్యి పట్టుకుని బెంచీ మీద కూర్చోబెట్టింది. "సరిగ్గానే చెప్పాడు."